కరిలేషన్ ఐడీని కత్తిరించి పంపే మహానుభావులకు

మా ఆఫీసు పోర్టల్ మైక్రోసాఫ్ట్ వారి షేర్‌పాయింట్ మీద నడుస్తుంది, దాని డెవలప్‌మెంట్ టీమ్‌లో నేను. ఇప్పుడే ఒక టికెట్, అంటే సమస్య ఉందన్న ఫిర్యాదు, వచ్చింది. ప్రయారిటీ: అర్జెంట్. సబ్జెక్ట్: 'షేర్‌పాయింట్ పనిచేయట్లేదు'. వివరాలు: 'ప్లీజ్ చెక్'. కింద ఒక స్క్రీన్‌షాట్. అందులో 'సారీ, సమ్‌థింగ్ వెంట్ రాంగ్' అన్న వాక్యం చక్కగా మధ్యలోకి వచ్చింది. దాని కింద ఉండాల్సిన కరిలేషన్ ఐడీని, అంటే ఆ ఒక్క రిక్వెస్ట్‌కి సర్వర్ ఇచ్చే గుర్తింపు నంబరుని మాత్రం శుభ్రంగా క్రాప్ చేసి పారేశారు. ఆ పొడుగాటి నంబరు వల్ల ఫొటో అందం చెడిపోతుందనుకున్నారో ఏమో.

అయ్యా, ఆ పేజీ మొత్తంలో పనికొచ్చే ముక్క అదొక్కటే! 'ఏదో తప్పు జరిగింది' అని నాకు స్క్రీన్ చెప్పక్కర్లేదు, టికెట్ వచ్చిందంటేనే తెలుస్తుంది. ఆ ఐడీ ఉంటే పవర్‌షెల్‌లో ఒక కమాండ్ కొట్టి, ఫార్మ్‌లోని (కలిసి పనిచేసే సర్వర్ల గుంపులోని) సర్వర్లన్నింటి నుంచీ ఆ ఒక్క రిక్వెస్ట్‌కి సంబంధించిన లాగ్ (సర్వర్ రాసుకునే డైరీ) వరసలు లాగేయొచ్చు. లేకపోతే? ప్రతి సర్వర్లోనూ అరగంటకో కొత్త లాగ్ ఫైలు పుడుతూ ఉంటుంది, కూర్చుని చదువుకోవడమే. పోనీ టైమ్ అయినా తెలిస్తే వెతుకుదామని 'ఎప్పుడు వచ్చిందండీ ఎర్రర్?' అని అడిగాను. 'ఇందాక' అన్నారు. ఎందుకైనా మంచిదని 'మొదటిసారి ఎప్పుడు వచ్చింది?' అంటే 'పోయిన నెల నుంచీ వస్తూనే ఉందండీ' అట! సెట్టింగ్ మార్చకపోతే 14 రోజులకే పాత లాగ్‌లు చెరిగిపోతాయి. పోయిన నెలంతా ఓపిక పట్టి, ఈరోజే అర్జెంట్ అయింది వీళ్లకి.

సరే, తవ్వాను. దొరికింది. ఇంకేముంటుంది, 5000.

ఈ 5000 సంగతి తెలిసినవాళ్లు ఇక్కడే ఒకసారి నిట్టూర్చి ముందుకు వెళ్లండి. తెలియని అదృష్టవంతులకు: ఒక లిస్టులో 3 కోట్ల ఐటమ్‌ల దాకా పెట్టుకోవచ్చని డాక్యుమెంటేషన్‌లో గొప్పగా రాసి ఉంటుంది. కానీ ఒక క్వెరీ (డేటా కోసం వేసే ప్రశ్న) 5000 ఐటమ్‌లకు మించి తడిమితే షేర్‌పాయింట్ దాన్ని ఆపేస్తుంది. కారణం వెనకున్న డేటాబేస్, ఎస్‌క్యూఎల్ సర్వర్. ఒకే స్టేట్‌మెంట్ సుమారు 5000 వరసల మీద లాక్ వేసేసరికి, ఇలా కాదని టేబుల్ మొత్తానికీ తాళం వేసేస్తుంది. మన లిస్టులన్నీ లోపల ఒకే టేబుల్లో కాపురం ఉంటాయి కాబట్టి, ఒకరి రిపోర్ట్ కోసం మిగతావాళ్లంతా వాకిట్లో నిలబడాలి. అందుకే ఆ పరిమితి. దాన్ని నేను తప్పు పట్టను. నా మంటల్లా, ఇంత స్పష్టమైన కారణం లోపల పెట్టుకుని పైకి 'సమ్‌థింగ్' అనడం మీదే.

ఇంకా మజా ఏమిటంటే, సర్వర్ అడ్మిన్‌కి చూపిస్తే 'నాకు బాగానే తెరుచుకుంటోందే' అన్నాడు. తెరుచుకోదా మరి! వెబ్ సర్వర్‌లో లోకల్ అడ్మిన్‌గా ఉన్నవాళ్లకి ఈ పరిమితి వర్తించదు నాయనా. ఊరందరికీ ఆగిపోయిన పేజీ నీ ఒక్కడికే తెరుచుకుంటుంది. ఆ ధైర్యంతోనే టికెట్‌లో 'నాట్ రెప్రొడ్యూసిబుల్' అని కామెంట్ కూడా పెట్టాడు.

విరుగుడు అందరికీ తెలిసిందే. కాలమ్‌కి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి విషయసూచిక లాంటిది) పెట్టి, మొదటి ఫిల్టర్‌లోనే 5000 లోపు మిగిలేలా క్వెరీ మార్చాలి. పది నిమిషాల పని అనుకుని కోడ్ తెరిస్తే, స్క్రీన్ మీద 'అప్రూవల్ డేట్' అని కనిపించే కాలమ్ కోడ్‌లో ఎక్కడా లేదు! ఎవరో పుణ్యాత్ములు మొదట్లో 'టెంప్ డేట్ న్యూ' అని సృష్టించి, తర్వాత తీరిగ్గా పేరు మార్చారు. పైన ఎన్నిసార్లు పేరు మార్చినా లోపలి పేరు పుట్టుమచ్చలా అలాగే ఉండిపోతుంది. అదీ నేరుగా ఉండదు, ఖాళీ ఉన్న ప్రతిచోటా అండర్‌స్కోర్, ఎక్స్, 0020, మళ్లీ అండర్‌స్కోర్. పోనీ అభిమానం కొద్దీ మన లిపిలో పేరు పెడదామంటారా? ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతానికి విడివిడిగా ఇలాంటి ఏడు గుర్తుల తోక వస్తుంది. మొత్తం పేరుకి 32 గుర్తులే హద్దు. 'తేదీ' అని రాసేసరికే 28 అయిపోతాయి.

ఇవన్నీ భరిస్తాను. సాఫ్ట్‌వేర్‌కి బుద్ధి లేదు, దాని మీద కోపం ఎంతసేపు ఉంటుంది? నాకు అసలు కాలేది ఎక్కడో చెబుతాను.

లీవ్ ఫారం. రెడీమేడ్‌గా వచ్చే లిస్ట్ ఫారం వాడుకోండి మహాప్రభో అని మొత్తుకున్నాం. వినలేదు. పాత కాగితం ఫారం ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలి, గళ్లు కూడా అక్కడే ఉండాలి, లోగో ఇంకో నాలుగు పిక్సెళ్లు ఎడమకి జరగాలి. సరేనని ఇన్ఫోపాత్ అనే మైక్రోసాఫ్ట్ టూల్లో ఫారం, షేర్‌పాయింట్ డిజైనర్‌లో వర్క్‌ఫ్లో (అప్రూవల్ ఒకరి నుంచి ఒకరికి వెళ్లే దారి) కట్టి ఇచ్చాం. 'చిన్న మార్పే కదా' అంటూ అప్రూవల్ మెట్లు పెంచుకుంటూ పోయారు. మేనేజర్ సెలవులో ఉంటే ఆయన పైవాళ్లకి, వాళ్లూ లేకపోతే ఇంకొకరికి. ఇప్పుడు మా సర్వర్లు వదిలి, మైక్రోసాఫ్టే నడిపే షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌కి మారాలట. అక్కడ షేర్‌పాయింట్ 2010 రకం వర్క్‌ఫ్లోలు 2020 నవంబర్‌లోనే ఆగిపోయాయి. 2013 రకానికి 2026 ఏప్రిల్ 2 అని గడువు పెట్టారు. ఇన్ఫోపాత్‌కి 2026 జులై 14. షేర్‌పాయింట్ సర్వర్ 2016, 2019లకు సపోర్ట్ ఆగేదీ ఆ జులై 14నే, అంటే ఇక్కడే ఉండిపోదామన్నా దారి లేదు. కట్టిందంతా, ఫారం పవర్ యాప్స్‌లో, వర్క్‌ఫ్లో పవర్ ఆటోమేట్‌లో (మైక్రోసాఫ్ట్ వారి కొత్త టూల్స్) మళ్లీ మొదటి నుంచి కట్టాలి.

మైగ్రేషన్ మీటింగ్‌లో ఆ మాట చెప్పగానే, లోగోని నాలుగు పిక్సెళ్లు జరిపించిన ఆ పెద్దమనిషే ముఖం గంటు పెట్టుకుని 'అసలు ఇదంతా ఎవరు కస్టమైజ్ చేశారండీ? అవుట్ ఆఫ్ ది బాక్స్ వాడుంటే ఈ తలనొప్పే ఉండేది కాదు కదా' అన్నారు. పక్కనున్నవాళ్లంతా తలలూపారు. ఆ రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ మీద ఆయన సంతకం ఇప్పటికీ నా ఫోల్డర్‌లో ఉంది. ఎవరైనా అడిగితే చూపిద్దామని దాచుకున్నాను. ఒక్కరూ అడగరు.

సాయంత్రానికి మీటింగ్ మినిట్స్ వచ్చాయి. మొదటి పాయింట్: కొత్త పోర్టల్‌లో కస్టమైజేషన్ పూర్తిగా మానేయాలి, బాధ్యత డెవలప్‌మెంట్ టీమ్‌ది. రెండో పాయింట్: కొత్త పోర్టల్ చూడ్డానికి పాతదానిలాగే ఉండాలి, బాధ్యత డెవలప్‌మెంట్ టీమ్‌ది.