బటావియా దొరల గొడుగు గారికి

అయ్యా గొడుగు గారూ,

అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడని మాకో సామెత ఉంది లెండి, ఎవర్ని చూసి పుట్టిందో గానీ బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, మకాం వేసిన మీ డచ్ ఈస్టిండియా కంపెనీ దొరలకి కొలతలు తీసి కుట్టినట్టుంది.

1754లో గవర్నర్ జనరల్ మోసెల్ గారు ఆడంబరాలు తగ్గించాలని ఏకంగా చట్టమే తెచ్చారట. ఎవరు ఏ బండెక్కాలి, ఎవరి భార్య ఏ నగలు పెట్టుకోవాలి, ఎంతమంది బానిసల్ని వెంటేసుకుని తిరగాలి, ఎవరికి గొడుగు, అన్నీ ర్యాంకుని బట్టే. తగ్గించడం అంటే కిందోళ్ళకి తగ్గించడం అని వేరే చెప్పాలా? జావాలో ఎండ కూడా హోదా చూసి కాస్తుంది కాబోలు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్ మ్యూజియం పెయింటింగ్‌లో మిమ్మల్ని చూశాను. కంపెనీ పెద్ద వర్తకుడు చేతికర్రతో రేవులో ఓడలు చూపిస్తుంటాడు, పక్కన ఆవిడ, వెనకాల మిమ్మల్ని ఎత్తి పట్టుకుని ఓ కుర్రాడు. నీడ వాళ్ళది, కర్ర వీడిది. ఆ దొర ఎవరై ఉంటాడా అని పండితులు తెగ తర్కించారు, కుర్రాడు మాత్రం ఉత్త 'బానిస', అంతే.

మీకు మనుషుల కొరత ఏనాడూ లేదు. 1673 లెక్కల్లో బటావియాలో 27,068 మంది ఉంటే 13,278 మంది బానిసలే! ఎక్కడెక్కడి నుంచో తెచ్చారు, మా కోరమాండల్ తీరం నుంచి కూడా. ఇక్కడ కరువొచ్చి జనం తమని తాము, కన్నపిల్లల్ని అమ్ముకుంటుంటే పులికాట్ రేవు నుంచి ఓడలెక్కించారు, అవే రేవుల నుంచి మన నేతగాళ్ళ బట్టల మూటలూ పోయేవి, ఆ బట్ట అక్కడ ఇచ్చి మసాలాలు కొనేవాళ్ళు. సరుకుకీ మనిషికీ ఒకటే కంపెనీ.

తెల్ల సిపాయి బతుకూ గొప్పేం కాదు, నిజం చెప్పుకోవాలిగా. నెలకి 9 గిల్డర్లు (డచ్ వాళ్ళ డబ్బు), ఓడెక్కకముందే బసకీ తిండికీ చేసిన అప్పు అందులోంచే కోత, 1733 తర్వాతైతే బటావియా జ్వరాలకి దిగినవాడు దిగినట్టే పోయేవాడు. చక్కెర మిల్లుల చైనా కూలీల సంగతి ఇంకా దారుణం, 1740లో పనుల్లేక తిరగబడితే ఊళ్ళో ఉన్న చైనా వాళ్ళని వేలమందిని నరికేశారు.

ఇప్పుడు చరిత్రకారులు అప్పటి కూలిని బియ్యంలోకి మార్చి ఏ ఊళ్ళో బతుకు ఎలా ఉండేదో గ్రాఫులు గీస్తారు, మంచి పనే. కానీ ఊళ్ళో సగం మందికి కూలే లేదు కదండీ! యజమాని వాళ్ళని బయట పనికి అద్దెకిస్తే ఆ డబ్బులూ యజమాని జేబులోకే. మరి మీ కర్ర పట్టిన చెయ్యి ఏ గ్రాఫులో కనపడుతుంది?

1799 ఆఖరికి కంపెనీ దివాలా తీసి మూతపడింది, అప్పులన్నీ డచ్ సర్కారు నెత్తినేసుకుంది. గొడుగు పట్టినవాడి బకాయి ఎవరి ఖాతాలో వేశారండీ? పైసా పైసా లెక్క రాసే కంపెనీ అని పేరు కదా, కాస్త వెతికించండి.

ఇట్లు,
తన గొడుగు తానే పట్టుకునే ఒకడు