నీలం పంపుకే జై

వైద్యశాస్త్రానికి మన ఓరుగల్లు చేస్తున్న సేవను ఎవరూ గుర్తించడం లేదన్న బాధ నాకు చాలాకాలంగా ఉంది. ఆస్తమాకు రెండు రకాల పంపులు (ఇన్‌హేలర్లు) ఉంటాయని, ఒకటి ఆయాసం వచ్చినప్పుడు కొట్టుకునే నీలం పంపని, రెండోది అసలు రాకుండా రోజూ పీల్చుకోవాల్సిందని డాక్టర్లు ఎంత మొత్తుకున్నా, మనవాళ్లు రెండోదాన్ని పక్కన పడేసి ఒక్క నీలం పంపుతోనే ఏళ్లకేళ్లు నెట్టుకొస్తున్నారు. ఇంత పొదుపు ఎవరికి చేతనవుతుంది చెప్పండి?

రెండోదాన్ని వద్దనడానికి కారణం లేకపోలేదు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. "వామ్మో, స్టెరాయిడా? అలవాటైతది, కిడ్నీలు ఖరాబైతయి!" అది మైక్రోగ్రాముల్లోనే ఉంటుందని, నేరుగా ఊపిరితిత్తుల కోసమేనని, పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే నోట్లో తెల్లపూత రాకుండా చూసుకోవచ్చని చెబితే, అవన్నీ కంపెనీల మాటలట. అదే మనిషి దమ్ము ఎక్కువైన రోజు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి సూది వేయించుకుంటాడు. ఆ సూదిలో చాలాసార్లు ఉండేది స్టెరాయిడే. అది కూడా మిల్లీగ్రాముల లెక్కన, ఒళ్లంతా తిరిగేది. బయటికొచ్చి మాత్రం "సార్ హస్తవాసి మంచిది" అంటాడు. (పెళ్లి కావాల్సిన పిల్లయితే ఇంకా సులువు, పంపు సంగతి బయటపడితే సంబంధం చెడుతుందని రెండు పంపులూ బీరువాలోకే పోతాయి.)

మనవాళ్లు పంపు వాడే పద్ధతి చూడాలంటే మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లండి. బస్తాల మధ్య నిలబడి ఒక కాక చొక్కా జేబులోంచి పంపు తీస్తాడు, బీడీ కట్ట పక్కనే ఉంటుంది కాబట్టి వెతుక్కునే పని లేదు. ఊపడు. లోపలి గాలి వదలడు. నోరు బార్లా తెరిచి, జానెడు దూరం నుంచి ఫిస్సు ఫిస్సుమని వరసగా నాలుగు కొడతాడు. కొంత నాలుక మీద పడుతుంది, కొంత మిర్చి ఘాటులో కలిసిపోతుంది. పెదాలు బిగించి, నొక్కుతూనే మెల్లగా పీల్చి, పది సెకన్లు ఊపిరి బిగబట్టాలంటారు గానీ ఆ పది సెకన్లలో బేరం పోతే ఎవరిస్తారు?

నీలం పంపులో ఉండే సాల్బుటమాల్ బిగుసుకున్న గాలిగొట్టాలను నిమిషాల్లో వదులు చేస్తుంది, నాలుగైదు గంటలు పనిచేస్తుంది, లోపలి వాపు జోలికి మాత్రం పోదు. పొయ్యి మీద కూర మాడుతుంటే కిటికీ తెరిచి కూర్చున్నట్టన్నమాట. అందుకే కాక మళ్లీ కొడతాడు, మళ్లీ కొడతాడు. చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, రక్తంలో పొటాషియం కూడా పడిపోవచ్చు. కాక దాన్ని టెన్షన్ అంటాడు, చిన్నమ్మ దిష్టి అంటుంది.

పెద్దలకు ఒక్క నీలం పంపుతోనే వైద్యం చేయొద్దని 'గినా' (గ్లోబల్ ఇనీషియేటివ్ ఫర్ ఆస్తమా) అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019లోనే తేల్చేశాయి. ఏడాదికి మూడు డబ్బాలకు చేరితే చాలు, ఆస్తమా ఉధృతమయ్యే ముప్పు పెరుగుతుందట, నెలకొకటి లేపేస్తుంటే ప్రాణానికే ముప్పట. అంతెందుకు, డోపింగ్ నిబంధనల ప్రకారం క్రీడాకారులు ఎనిమిది గంటల్లో 600 మైక్రోగ్రాముల సాల్బుటమాల్ దాటకూడదు, అంటే ఆరు పఫ్‌లు (ఆరుసార్లు నొక్కడం). ఈ లెక్కన మా కాక మధ్యాహ్నానికే ఒలింపిక్స్‌కు అనర్హుడు. పాపం, ఆయనకు చెప్పేవాళ్లెవరూ లేరు.

డబ్బా అయిపోయిందో లేదో చూసే విద్య వేరే ఉంది. చెవి దగ్గర ఊపి, "సప్పుడొస్తుంది, ఇంకా ఉంది" అంటారు. 200 పఫ్‌లు దాటాక మందు సరిగా రాకపోయినా లోపలి గ్యాసు ఫిస్సుమంటూనే ఉంటుంది, అర్ధరాత్రి రెండింటికి కూడా. అప్పుడు ఆటో, ఎంజీఎం ఆసుపత్రి, ఆక్సిజన్, నెబ్యులైజర్, "రోజూ వాడేది ఎందుకు ఆపావయ్యా" అని డ్యూటీ డాక్టర్ తిట్లు. కాక బుద్ధిగా తలూపుతాడు. డిశ్చార్జి అయి ఇంటికి పోతూ మెడికల్ షాపు ముందు ఆటో ఆపిస్తాడు. చీటీ అడిగేవాళ్లు లేరు, చూపించేవాళ్లూ లేరు.

"తమ్మీ, నీలం పంపొకటియ్యి. ఆగాగు, రెండియ్యి. సీజను కదా."