మిర్చి యార్డు లెక్క వచ్చినవాళ్లకు ముంబై పిలుపు ఎందుకు రాదు?

గుంటూరులో బీకాం చదివిన అమ్మాయో, విజయవాడ పక్క కానూరులో బీటెక్ చేసిన కుర్రాడో ముంబైలో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు ఉద్యోగానికి దరఖాస్తు పెడితే ఏమవుతుందో తెలిసిందే. ఐఐఎం కాదు, సీఏ ర్యాంకు లేదు, లోపల చెప్పేవాళ్లు అసలే లేరు. రెజ్యూమె తెరిచేవాడుండడు. దీనికి మనవాళ్లకు తెలిసిన మందు ఒక్కటే: ఇంకో సర్టిఫికెట్. షేర్ మార్కెట్ ఉద్యోగాలకు రాసే ఎన్ఐఎస్ఎం పరీక్ష అయ్యాక, పెట్టుబడుల విశ్లేషణకు రాసే అంతర్జాతీయ పరీక్ష సీఎఫ్ఏ లెవెల్ వన్, అదీ చాలకపోతే నూరు శాతం ప్లేస్‌మెంట్ అని ఫ్లెక్సీ కట్టిన కోచింగ్.

చదువులు వద్దని కాదు. కామర్సు కాని డిగ్రీ అయినా 60 శాతం మార్కులుంటే మొదటి మెట్టు ఫౌండేషన్ పరీక్ష రాయకుండానే సీఏ ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. 2023లో వచ్చిన కొత్త విధానంలో ఆర్టికల్‌షిప్, అంటే సీఏ దగ్గర చేసే శిక్షణ కూడా మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. మంచి దారే. కానీ ఆ కాగితాలు వేలమంది దగ్గర ఉంటాయి. వాళ్ల దగ్గర లేనిది, మన పిల్లల దగ్గర ఉన్నది గుంటూరు మిర్చి యార్డు అనుభవం. దాన్నే రెజ్యూమెలో దాచేస్తున్నారు. నాన్న కమీషన్ కొట్టులో గుమాస్తా అని చెప్పడానికి నామోషీ!

ఆ గుమాస్తా చేసే పనేమిటో చూడండి. మార్చిలో రైతు వంద టిక్కీల (బస్తాల) తేజ రకం మిర్చి తెచ్చాడు. రేటు నచ్చక కోల్డ్ స్టోరేజీలో పెట్టి, వాళ్లిచ్చిన బాండు (సరుకు రసీదు) మీద అప్పు తీసుకున్నాడు. ఆగస్టు దాకా ఆగితే లాభమా? గుమాస్తా నోటిలెక్కతో చెప్పేస్తాడు. ఇరుక్కున్న సొమ్ముకు నూటికి రెండు రూపాయల వడ్డీ, ఐదు నెలలకు పది. పైన టిక్కీకి అద్దె. రంగు తగ్గితే రేటులో కోత. ఇవన్నీ దాటి రేటు పెరగాలంటే చైనా ఆర్డర్లు కదలాలి, ఖమ్మం సరుకు తగ్గాలి. డెరివేటివ్స్ క్లాసులో నెలరోజులు చెప్పే కాస్ట్ ఆఫ్ క్యారీ, అంటే సరుకు అట్టిపెట్టుకోవడానికయ్యే ఖర్చు, ఇదే కదా! రేట్లు పడిపోయి 2025 ఫిబ్రవరిలో కేంద్రం, ధర పడినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద, మిర్చికి క్వింటాకు రూ.11,781 ప్రకటించాల్సి వచ్చింది. అప్పుడు బాండ్ల మీద అప్పులిచ్చినవాళ్ల తాకట్టు విలువ ఏమైందో పది పేజీల్లో రాసి, గోదాము రసీదుల మీద రుణాలిచ్చే బ్యాంకుకో ఎన్‌బీఎఫ్‌సీకో (బ్యాంకు కాని రుణ సంస్థ), సరుకుల వ్యాపారం చేసిపెట్టే కమోడిటీ బ్రోకరేజీకో నేరుగా పంపమంటాను. హెచ్ఆర్ మెయిల్‌కు కాదు, ఆ డెస్కు నడిపే మనిషికి. మొదటి ఉద్యోగం అక్కడ దొరికితే రెండోది ముంబైలో వెతుక్కోవచ్చు.

దరఖాస్తులు వేలల్లో వస్తే ఏదో ఒక జల్లెడ పట్టక తప్పదని కంపెనీలు అంటాయి. ఎక్సెల్ మోడల్ కట్టడం, ఇంగ్లిషులో క్లయింటును ఒప్పించడం యార్డులో రావన్నదీ నిజమే. అవి నేర్చుకోవచ్చు. ధర పడితే ఎవడు మునుగుతాడో కళ్లారా చూసిన అనుభవాన్ని ఏ ఇన్‌స్టిట్యూట్ అమ్ముతుంది?

అసలు కోపం కంపెనీల మీద కాదు, మన మీద. పదో తరగతిలో మార్కులొస్తే ఎంపీసీ, రాకపోతే సీఈసీ అని తేల్చేసే ఊళ్లు మనవి. ఇదే కృష్ణా జిల్లాలో, మచిలీపట్నంలో, 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టారు. అప్పుడు ఎవరి బ్యాక్‌గ్రౌండ్ ఏమిటి? ఆయన వృత్తిరీత్యా డాక్టరు! ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. నిర్ణయాలు తీసుకునే కుర్చీ ముంబైకి పోయింది. డిపాజిట్లు ఇక్కడివే, మిర్చీ పసుపూ ఇక్కడివే, వాటి మీద రుణాల విధానం రాసే ఉద్యోగం మాత్రం ఇక్కడ లేదు. తలుపు దూరాభారమైనప్పుడు తట్టడం నేర్పే కోచింగులే పుట్టుకొస్తాయి.

అమరావతిలో బ్యాంకుల, బీమా సంస్థల కార్యాలయాలకు 2025 నవంబరులో శంకుస్థాపన చేశారు. సంతోషం. అయితే ఆ భవనాల్లోకి వచ్చేది జోనల్ మేనేజరు గదీ, గుమ్మం మీద పేరు బోర్డూ మాత్రమేనా, లేక వ్యవసాయ రుణాల రిస్కు లెక్కగట్టే విభాగాలు కూడా వస్తాయా అన్నది స్థలాలిచ్చిన ప్రభుత్వమూ, మన ఎంపీలూ ఇప్పుడే అడగాలి. కనీసం మిర్చి, పసుపు, పత్తి మీద పనిచేసే ఒక్కో క్రెడిట్ డెస్కయినా (రుణాల లెక్క చూసే విభాగం) ఇక్కడ పెట్టి, దానికి గుంటూరు, విజయవాడ డిగ్రీ కాలేజీల నుంచి ట్రైనీలను తీసుకోమనాలి.