సంతకం పెట్టినంత మాత్రాన ఒప్పుకున్నట్టేనా?

ఖైదీలను ఇంటర్వ్యూ చేసి నేరాల మీద పరిశోధన చేసే పద్ధతి గురించి మీ వ్యాసంలో వివరంగా రాశారు, థాంక్సండీ. కానీ సమ్మతి పత్రం మీద సంతకం ఉంటే చాలన్న మీ మాట దగ్గర ఆగిపోయాను.

చదువుకునే రోజుల్లో మా ప్రొఫెసర్ వెంట నోట్స్ రాసుకోవడానికి ఒక జైలుకి వెళ్లాను. ఒక కుర్రాడు పత్రం చదవకుండానే సంతకం పెట్టేసి, "సార్, ఇది చేస్తే బెయిల్ త్వరగా వస్తుందా?" అని అడిగాడు. తలుపు దగ్గరే వార్డర్ నిలబడి ఉన్నాడు. రాదని చెప్పి మా సార్ ఆ పత్రం అక్కడే చింపేశారు. మనుషుల మీద చేసే పరిశోధనల్లో పాటించాల్సిన నైతిక సూత్రాల గురించి అమెరికాలో 1979లో వచ్చిన బెల్మాంట్ రిపోర్ట్ కూడా ఖైదీల మీద ఉండే ఇలాంటి కనబడని ఒత్తిడి గురించే హెచ్చరించింది.

ఇక గోప్యత. "మీ పేరు బయటికి రాదు" అని తేలిగ్గా చెప్పేస్తాం. కోర్టు అడిగితే ఏం చేస్తాం? తనతో మాట్లాడినవాళ్ల వివరాలు గ్రాండ్ జ్యూరీకి (నేరారోపణ చేయాలా వద్దా అని తేల్చే పౌరుల బృందానికి) చెప్పనన్నందుకు అమెరికాలో రిక్ స్కార్స్ అనే పరిశోధక విద్యార్థి 1993లో 159 రోజులు జైల్లో గడిపాడు. అంత తెగింపు అందరికీ ఉండదు, ఉండాలని అడగనూ లేం. అందుకే చట్టం ఎంతవరకు కాపాడుతుందో, ముందు ముందు చేయబోయే నేరం గురించి చెబితే మనం ఏం చేస్తామో రికార్డర్ ఆన్ చేయకముందే ఖైదీలకి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. దయచేసి ఈ విషయం మీ వ్యాసంలో చేర్చండి.