నిస్కారానికి నా నమస్కారాలు

మొన్న కోజికోడ్ మిఠాయి తెరువులో హల్వా కొనబోయాను. రైలుకు గంట ఉంది. 500 నోటు ఇచ్చి కిలో తూచమన్నాను. అంతలో అజాన్ వినబడింది. నా చెవులకూ వినబడింది, అదే సిగ్గుచేటు. కొట్టు పెద్దాయన కత్తి కింద పెట్టి, నా వంక చూసి "నిస్కారం" అన్నారు.

చేతులు జోడించి "నమస్కారమండీ" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి మళ్ళీ "నిస్కారం" అన్నారు. నా వినయం చాలలేదేమోనని ఈసారి నడుము కూడా వంచాను. ఆయన వీధి చివరకు వేలు చూపి "పళ్ళి, పళ్ళి" అన్నారు. పల్లీలు వద్దు, హల్వా చాలన్నాను. తెలుగులోనే, కాస్త గట్టిగా. గట్టిగా చెబితే తెలుగు ఎవరికైనా అర్థమవుతుందని మా వంశంలో ఒక నమ్మకం. ఫోనులోని అనువాద యాప్‌ను అడిగితే "నమస్కారం" అని చూపించింది. ఆ ధైర్యంతో మరొకటి పెట్టాను. షట్టరు దిగింది. నా నోటు లోపల, నేను బయట.

పక్క కొట్టు కుర్రాడు నవ్వాపుకొని "నమాజ్" అన్నాక గానీ బుర్ర వెలగలేదు. కేరళ ముస్లింలు నమాజును నిస్కారం అంటారు. నమస్కారమే అరిగి అలా అయింది. పళ్ళి అంటే మసీదు.

ఊరుకోక బావమరిదికి ఫోను చేశాను. "నమాజు అచ్చమైన అరబీ మాట, దానికీ నమస్కారానికీ ఏం సంబంధం బావా?" అని విసుక్కున్నాడు. వాడికి తెలియనిది లేదు, అదే మా ఇంటిల్లిపాది బాధ. అరబీలో దాన్ని సలాత్ అంటారు. నమాజు పారశీకం. వంగి మొక్కడమని దాని పాత అర్థం, సంస్కృతంలోని నమస్సుకు దాయాది. అటు టర్కీకీ వెళ్ళింది, ఉర్దూ మీదుగా మనకూ వచ్చింది. మలయ్ ముస్లింలు రంజాన్ ఉపవాసాన్ని పువాసా అంటారు, అదీ మన ఉపవాసమే. అంటే ఆ యాప్ చెప్పింది ఒక లెక్కన తప్పు కాదు. నిలదీయడానికి కూడా లేకుండా పోయింది.

పావుగంటకు పెద్దాయన తిరిగొచ్చి, షట్టరెత్తి, నా వంక చూసి, చేతులు జోడించి, ఈసారి తేటగా "నమస్కారం" అన్నారు.

నేను ఒక్క ఉదుటున వెళ్ళి షట్టరు పట్టుకున్నాను.