గోడకి ట్యాబ్ సరే, స్విచ్ ఎందుకు పీకేశారు?

కొత్త ఇళ్ల వీడియోల్లో ఇప్పుడు హాలు గోడకి ఒక ట్యాబ్ తప్పనిసరి. లైట్లు, ఏసీ, కర్టెన్లు, గేటు కెమెరా అన్నీ అందులోనే. బాగుంది. దాని పక్కన మాత్రం స్విచ్‌బోర్డు ఉండదు. నా గొడవ ట్యాబ్‌తో కాదు, ఆ ఖాళీ గోడతో.

అర్ధరాత్రి లేచిన మనిషి స్విచ్ వెతకడు, చెయ్యి దానంతటదే అక్కడికి పోతుంది. ట్యాబ్‌నైతే ముందు తట్టి లేపాలి. ఆ వెలుగుకి కళ్లు చికిలించుకుని, బెడ్‌రూమ్ లైటు ఏ పేజీలో ఉందో చూసుకోవాలి. వైఫై అందకపోతే చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఇక చుట్టాలొస్తే చీకట్లో గోడ తడుముకోవాల్సిందే.

పైగా గోడలో వైరింగ్ దశాబ్దాలు ఉంటుంది, ట్యాబ్‌కి ఆ ఆయుష్షు లేదు. 2010లో వచ్చిన మొదటి ఐప్యాడ్‌కి 2012 తర్వాత కొత్త ఐఓఎస్, అంటే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, రాలేదు. రోజంతా ఛార్జింగ్‌లోనే ఉండే లిథియం బ్యాటరీ త్వరగా పాడవుతుంది, ఒక్కోసారి ఉబ్బుతుంది. స్క్రీన్ ఒక అంచు ఫ్రేమ్ నుంచి పైకి లేస్తుంది. గోడలో బిగించేశాక దాన్ని ఎవరు గమనిస్తారు?

అటకెక్కాల్సిన పాత ట్యాబ్ ఇలాగైనా పనికొస్తుంది కదా అంటారు. నిజమే. ఇల్లంతా ఒక్కచోట కనిపించడానికి అంతకన్నా మంచిది లేదు. అందుకే ట్యాబ్ ఉంచండి, స్విచ్‌ని మాత్రం పీకొద్దు.

నిజానికి ట్యాబ్ మొహం మాత్రమే. ఇంటి పరికరాలని నడిపే మెదడు ఎక్కడుందన్నదే నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న. లైట్లు, తాళాలు లాంటివన్నీ కలిపి నడిపే డబ్బాని హబ్ అంటారు. రివాల్వ్ అనే హబ్‌ని 2014లో నెస్ట్ అనే కంపెనీ కొనేసింది, 2016 మేలో సర్వీసు ఆపేసింది. డబ్బిచ్చి కొన్నవాళ్ల చేతిలో ఉత్త డబ్బా మిగిలింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్‌హోమ్ కంపెనీ సర్వర్లు చెప్పాపెట్టకుండా మూగబోయాయి. యాప్ చచ్చిపోయింది కానీ, ఆ కంపెనీవే గోడ స్విచ్‌లు మాత్రం ఎప్పటిలాగే పనిచేశాయి! ఎక్కడో ఉన్న సర్వర్‌ని అడిగి మన ఇంట్లో లైటు వేసుకోవడమంటే, సొంతింట్లో అద్దెకున్నట్టే. 2013 నుంచి ఉన్న హోమ్ అసిస్టెంట్ లాంటి ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ అందుబాటులో ఉండే) సాఫ్ట్‌వేర్ ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటర్ మీద నడుస్తుంది. పరికరాలు కూడా ఇంటి నెట్‌వర్క్‌లోనే పనిచేసేవైతే ఇంటర్నెట్ లేకపోయినా లైటు వెలుగుతుంది.

బిగించేవాళ్లకి చివరి బిల్లు కట్టేముందు ఇంటర్నెట్ తీగ పీకి లైటు వేయమనండి. తర్వాత ట్యాబ్ కూడా ఆపేసి, మళ్లీ వేయమనండి.