బ్యాటరీ ఎప్పుడు పుట్టిందో అడగండి

సంక్రాంతికి ఊరెళ్లేముందు మనలో చాలామంది చేసేపనే, విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఇంటి దగ్గరున్న కారుకి కొత్త బ్యాటరీ వేయించమని నాన్నకి ఫోన్ చేసి డబ్బులు పంపించేయడం. ఏ కంపెనీ, వారంటీ ఎన్ని నెలలు, పాతది ఇస్తే ఎంత తగ్గిస్తారు, అన్నీ అడుగుతాం గానీ అది ఫ్యాక్టరీలో ఎప్పుడు తయారైందో మాత్రం అడగం. నన్నడిగితే ముందు అడగాల్సింది అదే.

షాపులో అడిగి చూడండి, "సీలు కూడా తియ్యలేదు బాబూ, దానికి ఏటవుతాది" అంటారు. అవుతుంది. కార్లలో వేసే లెడ్ యాసిడ్ బ్యాటరీ వాడకపోయినా తనంతట తనే డిశ్చార్జ్ అవుతూ ఉంటుంది, వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ స్పీడు సుమారు రెట్టింపవుతుంది, ఇక మే నెలలో రేకుల షెడ్డు గోడౌన్ సంగతి చెప్పక్కర్లేదు. అలా చార్జి పెట్టకుండా వదిలేస్తే లోపలి సీసం ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుని గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత చార్జి పెట్టినా పోయిన కెపాసిటీ పూర్తిగా తిరిగిరాదు.

వారంటీ బిల్లు తేదీ నుంచే కదా, మనకేం నష్టం అంటారు కొందరు. ఆ వారంటీలో చాలావాటికి మొదట కొంతకాలమే ఫ్రీ రీప్లేస్‌మెంట్, తర్వాత ప్రో రేటా, అంటే వాడిన కాలాన్ని బట్టి కొత్తదాని మీద కొంత తగ్గింపు, అదీ ఎమ్మార్పీ మీద లెక్క, షాపువాడు మామూలుగానే ఎమ్మార్పీ కన్నా తక్కువకి ఇస్తాడు కాబట్టి చివరికి మిగిలేది పెద్దగా ఉండదు.

తేదీ స్టిక్కర్ మీదో బాడీ మీదో కోడ్‌గా ఉంటుంది. అమెరికాలో చాలావాటికి 'ఏ' అంటే జనవరి, 'బీ' అంటే ఫిబ్రవరి, పక్కన అంకె సంవత్సరం. ఇండియాలో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క, అందుకే షాపతన్నే చదివి చెప్పమని, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి. మూడు నెల్లలోపుదైతే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు, ఆరు దాటితే నేనైతే వద్దంటాను. తర్వాత వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెట్టించండి. 12.6 వోల్టులు ఉంటే బాగున్నట్టు, 12.4 అంటే దాదాపు ముప్పావు చార్జి, ఇంకా తగ్గితే వేరేది తెమ్మనాలి. "గంట చార్జి పెట్టి ఇస్తా" అంటే ఒప్పుకోవద్దు, చార్జర్ తీసిన వెంటనే మీటర్ ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది.

చిన్న కార్ల సైజులు మన ఊళ్లలో బాగానే కదుల్తాయి, పెద్ద డీజిల్ బండ్లవే నెలలతరబడి షెల్ఫులో కూర్చుంటాయి. అలాంటిదైతే రెండ్రోజులు ఆగి వైజాగ్ నుంచి ఫ్రెష్ స్టాక్ తెప్పించమనండి, పండగకి ఇంకా టైముంది కదా.